చిన్నమ్మాయి మాట

ఆ మెయిల్ వచ్చేసరికి వీరవేణి ఎవరిదో కొత్త ఫోన్‌కి స్క్రీన్ గార్డ్ అంటిస్తోంది. రాజమండ్రి మెయిన్ రోడ్డులో సత్యప్రసాద్ గారి సెల్ షాపు అది. చదువు అయిపోయినప్పటి నుంచీ ఆ పిల్ల అక్కడే పని చేస్తోంది. పొద్దున్నే కొవ్వూరులో బస్సెక్కి వంతెన దాటి రావడం, చీకటి పడేలోపు మళ్ళీ వంతెన దాటి పోవడం. మెయిల్ చదువుతూ అంటించేసరికి గార్డ్ కింద గాలి బుడగ ఉండిపోయింది.

"ఏంటమ్మా, బేరం చెడగొడతావా?" అన్నారు సత్యప్రసాద్ గారు.

"సారీ అండి, ఇంకోటి వేస్తానండి," అంది గానీ, ఆ పిల్ల బుర్ర అక్కడ లేదు.

మెయిల్ పంపింది యాప్ స్టోర్ వాళ్ళు. ఇంగ్లీషులో, ఎంతో మర్యాదగా ఉంది. మీ యాప్‌లో చిన్నమ్మాయి అనే ఆవిడ పెట్టిన వాయిస్ ఒక వ్యక్తిని పేరు పెట్టి హంతకుడంటోంది, శపిస్తోంది. ఆ వ్యక్తి తరఫు లాయరు మాకు ఫిర్యాదు చేశారు. రేపు సాయంత్రంలోగా ఆ వాయిస్ తీసేయండి, లేకపోతే మీ యాప్‌నే స్టోర్ నుంచి తీసేస్తాం. మీ సహకారానికి ధన్యవాదాలు. పీక మీద కాలేసి ధన్యవాదాలు చెప్పే మర్యాద ఎక్కడ నేర్చుకున్నారో గానీ, నేర్చుకున్నారు.

చిన్నమ్మాయి అంటే ఎవరో కాదు, వీరవేణికి స్వయానా మేనత్త. పేరుకే చిన్నమ్మాయి. యాభై దాటిన మనిషి. కొవ్వూరు మార్కెట్టులో చేపల గంప ముందు కూర్చుందంటే ఆవిడ నోటికి ఎదురు లేదు. ఆవిడకి ఒక్కగానొక్క కొడుకు లోవరాజు. ఆ లోవరాజు గోదాట్లో ఇసుక గోతిలో పడి చనిపోయాడు. పెద్ద దినం అయి నాలుగు రోజులు కూడా కాలేదు.

అది అయిన మర్నాడే చిన్నమ్మాయి ఫోన్ తీసి, మైకు బొమ్మ మీద వేలు పెట్టి, ఏటి మీద బతికే వాళ్ళందరికీ వినబడేలా అంది: "ఒరే లోకనాథూ! నా కొడుకుని మింగిన గొయ్యి నువ్వు తవ్వించిందేరా. రాత్రిళ్ళు మిషన్లు పెట్టి ఏటి కడుపు చీల్చావు. నా కొడుకుని సంపింది నువ్వేరా. నీ ఇల్లు గుల్లయిపోను, నీ వంశం నిలవకుండా పోను."

లోకనాథ్ ఇసుక ర్యాంపు కాంట్రాక్టరు. ర్యాంపు అంటే ఇసుకని పడవల నుంచి లారీలకి ఎత్తే రేవు. పైకి చూస్తే అన్నీ పద్ధతిగానే ఉంటాయి. రాత్రయ్యేసరికి ఆయన డ్రెడ్జర్లు ఏటి మధ్యకి పోయి, అడుగు నుంచి ఇసుక లాగేస్తాయి. నిన్న మోకాటి లోతు ఉన్న చోట ఇవాళ ముగ్గురు మనుషుల లోతు గొయ్యి. పైన నీళ్ళు మాత్రం నిన్నటి లాగే నంగనాచిలా మెల్లగా కదులుతూ ఉంటాయి. గొయ్యి కనిపెట్టిన వాళ్ళు వెదురు గెడ పాతి ఎర్రగుడ్డ కట్టేవాళ్ళు. డ్రెడ్జర్ల వాళ్ళు తెల్లారేలోగా దాన్ని పీకేసేవాళ్ళు.

అందుకే వీరవేణి ఆ యాప్ చేసింది. దానికి 'ఏటి మాట' అని పేరు పెట్టింది. రాయక్కర్లేదు, చదవక్కర్లేదు. మైకు బొమ్మ నొక్కి చెప్పడమే. ఫలానా రేవు కింద గొయ్యి పడింది, దిగకండి. ఒకరు చెప్తే ధవళేశ్వరం నుంచి పోలవరం దాకా పడవ ఉన్న ప్రతివాడూ వింటాడు. గెడ పీకగలరు గానీ దీన్ని ఎవడు పీకుతాడు అనుకుంది. పాపం, చిన్నపిల్ల.

పీకడానికి పైన ఒకడున్నాడని తర్వాత తెలిసింది. ఫోన్‌లోకి యాప్ దిగాలంటే ఆ స్టోర్ ఒక్కటే గుమ్మం. వేరే దారిలో ఎక్కించుకోబోతే ఇది ప్రమాదం, మీ డబ్బులు పోతాయి అని ఫోన్ ఎర్రక్షరాలతో బెదిరిస్తుంది. చదువు రాని వాళ్ళకి ఆ ఎరుపు చాలు, ఫోన్ అవతల పారేస్తారు.

లోవరాజు పోవడానికి కొన్నాళ్ళ ముందు, మొదటిసారి స్టోర్ వాళ్ళు మెయిల్ పెట్టినప్పుడు మాత్రం వీరవేణికి కోపం రాలేదు. నిజం చెప్పాలంటే, వాళ్ళు అడిగింది న్యాయమే అనుకుంది. అంతకు ముందు వారమే తాగుబోతు వెధవ ఒకడు, వాళ్ళ వీధిలో ఉండే రమ్యశ్రీ గురించి నోటికొచ్చిన బూతులన్నీ అందులో వాగాడు. వీరవేణి షాపులో పని తెముల్చుకుని దాన్ని తీసేసేలోపు ఏరంతా వినేసింది. రమ్యశ్రీ చాలా రోజులు గుమ్మం దాటి రాలేదు. వీరవేణి ఆ పిల్ల ఇంటికి వెళ్ళి నించుంటే, వాళ్ళమ్మ మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

అందుకని స్టోర్ వాళ్ళు, నచ్చని మాట మీద జనం ఫిర్యాదు చేసుకునే వీలు పెట్టండి, ఫిర్యాదు వచ్చిన వెంటనే ఏదో ఒకటి చేయండి అనగానే సరేనంది. అందరూ వాడే బొమ్మే తెచ్చి ప్రతి మాట పక్కనా పెట్టింది. చిన్న ఎర్ర జెండా. తను రోజంతా షాపులో ఉంటుంది కాబట్టి ఒక ఏర్పాటు కూడా చేసింది. ఐదుగురు ఆ జెండా నొక్కితే ఆ మాట దానంతట అది మాయమైపోతుంది. సాయంత్రం తీరిగ్గా విని, మంచిదైతే తిరిగి పెడుతుంది, చెడ్డదైతే పారేస్తుంది. ఇంక ఏ ఆడపిల్లకీ అలాంటిది జరగదని గుండెల మీద చెయ్యేసుకుని పడుకుంది.

ఇప్పుడు ఈ మెయిల్. మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా స్టోర్ వాళ్ళకి తిరిగి రాసింది. ఆవిడ కొడుకు పోయాడండి, ఆ గొయ్యి నిజమండి, తవ్వింది ఎవరో ఏటి మీద అందరికీ తెలుసండి, కావాలంటే ఫొటోలు పంపిస్తానండి. జవాబు ఎంతోసేపు పట్టలేదు. నిజానిజాలు తేల్చడం మా పని కాదు, గడువులో మార్పు లేదు, మీ ఓపికకి ధన్యవాదాలు.

"నిజమేదో తేల్చరంట, తీసెయ్యడం మాత్రం తేల్చేశారు," అని పైకే అనేసింది. కౌంటర్ అవతల చార్జర్ కొంటున్నాయన బిత్తరపోయి చూశాడు.

బస్సులో వంతెన మీద కిటికీ పక్కన కూర్చుంటే ఏరు ఒడ్డు నుంచి ఒడ్డుకి పరుచుకుని కనబడింది. అంత ఏటి మీద తన మేనత్త ఒక్క మాట అనడానికి చోటు లేకపోయింది. తీస్తే అత్త గొంతు నొక్కినట్టు. తీయకపోతే యాప్ పోతుంది. ముందున్నవి ఎండలు. పిల్లలూ పెద్దలూ స్నానాలకని, వలలకని ఏట్లో దిగే రోజులు. ఎక్కడ గొయ్యుందో చెప్పేవాడుండడు. ఎటు కదిలినా తెగేది తన వాళ్ళ మెడే. అడకత్తెరలో పోకచెక్కకి కూడా ఇంత ఇరుకు ఉండదేమో అనిపించి ఏడుపొచ్చింది.

వీరవేణి తండ్రి బుల్లియ్య ఏటి గట్టు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. కూతురు చెప్పిందంతా తలెత్తకుండా విన్నాడు.

"మీ అత్త మాట తీసేస్తే దానికి నా మొకం ఎలా సూపించనే? అది నా తోడబుట్టింది."

"తీయకపోతే యాప్ పోద్ది నాన్నా."

"పోతే ఎలాగ? నిన్న ఏటికి పై వైపున కూడా ఇంకో గొయ్యి తవ్వారంట."

"మరి ఏం చేయమంటావు?"

"నన్నడిగితే నేనేం సెప్పను? దాన్నే అడుగు," అని దారం పంటితో కొరికాడు. పెద్దవాళ్ళకి ఇదో సుఖం. గట్టి చిక్కు వచ్చినప్పుడు మాత్రం పిల్లలు పెద్దవాళ్ళైపోతారు.

వీరవేణి వెళ్ళేసరికి చిన్నమ్మాయి ఇంటి అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్ళు చేరారు. అందరూ మార్కెట్టులో గంపలు పెట్టుకునే వాళ్ళే. చిన్నమ్మాయి గోడకి ఆనుకుని కూర్చుంది. మధ్యలో ఫోన్ పెట్టుకుని తన మాట తనే వినిపిస్తోంది. 'నా కొడుకుని సంపింది నువ్వేరా' దగ్గరికి వచ్చేసరికి అందరూ ఒక్కసారి ఘొల్లుమన్నారు.

"సరిగ్గా అన్నావొదినా! ఆడి దుంప తెగ!" అంది కృపారాణి అనే ఆవిడ, ముక్కు చీదుకుంటూ. అని, తన ఫోన్ తీసి, అదే మాట పక్కనున్న ఎర్ర జెండా మీద వేలితో గట్టిగా నొక్కింది. ఆ పక్కావిడా నొక్కింది. కళ్ళు తుడుచుకుంటూ ఆ పక్కావిడా.

వీరవేణికి ఒక్క క్షణం అర్థం కాలేదు. "పిన్నీ, ఏం చేస్తున్నారు? అదెందుకు నొక్కుతున్నారు?"

"జెండా కదే," అంది కృపారాణి, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు. "గొయ్యికాడ గెడకి కట్టమూ? చూసినోళ్ళందరూ తలో గుడ్డా కట్టేస్తే నిజమని అందరికీ తెలుస్తాది. ఒక్క గుడ్డుంటే ఎవడో బెదిరించడానికి కట్టాడనుకుంటారు."

వీరవేణికి తెలియనిదా? ఏటి ఒడ్డున పుట్టింది, గెడలకి గుడ్డలు కట్టడం చూస్తూ పెరిగింది. పట్నంలో చదివిన చదువులో జెండా అంటే ఫిర్యాదు. ఇంట్లో జెండా అంటే సాక్ష్యం. రెండూ ఒక్క బుర్రలోనే ఉన్నాయి, ఒకదాన్ని ఒకటి ఏనాడూ పలకరించుకోలేదు. అత్త మాట తెర మీద ఉన్నది కాస్తా ఐదో వేలు పడగానే మాయమైపోయింది.

"అయ్యో! పోయింది! చూశావా, లోకనాథ్ మనుషులు తీయించేశారు!" అని అరిచింది కృపారాణి. "ఇలాగే తీసేస్తారమ్మా ఈళ్ళు. ఆడికి ఫోన్ కంపెనీల్లో కూడా మనుషులున్నారు. పదండే, రేపు ర్యాంపుకాడికి పోయి తేల్చుకుందాం." తిట్టుకుంటూ, వంటల వేళైందని గుర్తొచ్చి, ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు.

చిన్నమ్మాయి కదల్లేదు. ఫోన్‌ని ఒళ్ళో పెట్టుకుని దాని వైపే చూస్తోంది.

"నీ చేతిలో పనే కదే, మళ్ళీ పెట్టు," అంది. "ఆ జెండా మంచిది పెట్టావే వేణీ. మీ నాన్న ఆ గడ్డిలంక గొయ్యి సంగతి ఇందులో చెప్పాడు చూడు, ఆ పూట అందరికన్నా ముందు కట్టింది నేనే. నా పక్కనున్నోళ్ళందరి చేతా కట్టించి బేరంలో పడిపోయాను. మీ బావ జంగారెడ్డిగూడెంలో పామాయిల్ గెలల పనిలో ఉన్నాడు కదా, అక్కణ్ణుంచయినా చూస్తాడని. చూశాడు, ఇన్నాడు. ఇని కూడా దిగాడు మొండెదవ. ఎవరి మాట ఇన్నాడని నా మాట ఇంటాడు!"

నాన్న మాట మీద జెండాలు నొక్కిందెవరో వీరవేణికి అప్పుడు తెలిసింది.

ఆ రోజు గుర్తుంది. నాన్న పెట్టిన మాటకి జెండాలు పడి మాయమైందని సాయంత్రం బస్సులో చూసింది. లోకనాథ్ కుర్రాళ్ళే నొక్కి ఉంటారనుకుంది. రేపు పొద్దున్న విని పెడదాంలే అనుకుని, ఒళ్ళు అలసి, ఇంటికెళ్ళి పడుకుంది. తెల్లవారుజామున లోవరాజు బావ బస్సు దిగి, ఇంటికి కూడా రాకుండా, రేవులో కట్టిన పడవలో ఉన్న విసురు వల భుజాన వేసుకుని గడ్డిలంక దగ్గర నీళ్ళలోకి నడిచాడు. వల తాడు మణికట్టుకి ఉంది. గోతిలో కాలు జారాక వలకున్న సీసపు గుళ్ళ బరువుకి ఈత వచ్చినా ఏం లాభం? శవం దొరికాక వీరవేణి నాన్న మాటని తిరిగి పెట్టింది. అత్త దాన్ని యాప్‌లో చూసి, ఎప్పుడూ అక్కడే ఉందనుకుంది.

ఊరుకుంటే సరిపోయేది. అదే అన్నిటికన్నా భయంకరం. అత్త మాట దానంతట అదే మాయమైంది. స్టోర్ అడిగిందీ అదే. లోకనాథే తీయించాడని ఊరంతా నమ్ముతుంది, అందులో కొంచెం నిజం కూడా ఉంది. యాప్ ఉంటుంది. జెండా బొమ్మ మార్చి ఇంకేదైనా పెట్టేస్తే ఏ గొడవా లేదు. వీరవేణి నోరు తెరవకుండా 'చూస్తానత్తా' అని లేచి వెళ్ళిపోతే చాలు. లేవబోయింది కూడా. కాళ్ళు లేవలేదు.

"అత్తా, ఆ జెండా అందుకు కాదు."

"మరెందుకు?"

"నచ్చని మాట తీసెయ్యమని చెప్పడానికి. ఐదుగురు నొక్కితే మాట మాయమైపోద్ది. అలా నేనే పెట్టాను." మిగతాదీ చెప్పేసింది. "నాన్న చెప్పిన మాట కూడా ఆ పూటే మాయమైంది. నేను పొద్దున్న పెడదామనుకున్నాను. బావ చూసేటప్పటికి అందులో అది లేదు."

చిన్నమ్మాయి ఫోన్ ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది.

"అయితే," అంది, "ఆడు ఇనలేదా?"

"వినలేదత్తా."

"ఇనలేదా?" అని మళ్ళీ అడిగింది. "పాడె మీద కూడా తిట్టానే ఆణ్ణి. సెప్పిన మాట ఇనకుండా దిగి నా కడుపు కాల్చావు కదరా అని. జనం అందరూ ఉన్నారు. మొకం మీద కొట్టాను కూడా. ఆడు ఇననే లేదు. ఏం తెలవకుండానే దిగాడు. ఉత్తినే కొట్టాను." రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. తర్వాత తల గోడకేసి కొట్టుకోబోతే వీరవేణి అడ్డం పడి పట్టుకుంది. ఇద్దరూ కలిసి ఏడ్చారు. ఎవరూ ఎవర్నీ ఓదార్చలేదు.

వీధిలో దీపాలు వెలిగాక చిన్నమ్మాయి కొంగుతో మొహం తుడుచుకుని, "నా మాట మళ్ళీ పెట్టు మరి," అంది.

అప్పుడు మెయిల్ సంగతి చెప్పక తప్పలేదు. గడువు, లాయరు, యాప్ పోవడం, అన్నీ చెప్పింది. ఒక్క సంగతి మాత్రం తేల్చి చెప్పింది: "నీ ఇష్టం అత్తా. నువ్వు పెట్టమంటే పెడతాను. యాప్ పోతే పోతుంది."

"నిన్న పైన ఇంకో గొయ్యి పడిందంట కదా."

"అవునంట."

"అది ఇంకో తల్లి కొడుకుని మింగుద్ది." చిన్నమ్మాయి కొంగు దోపుకుంది. "ఆ మాట తీసెయ్యి. కానీ నేను ఒక్క మాటన్నా అనకుండా ఊరుకోలేనే. ఆళ్ళకి ఇబ్బంది లేకుండా ఎలా అనాలో నువ్వే సెప్పు. చదువుకున్నావు కదా."

వీరవేణి తన ఫోన్ తీసి చేతికిచ్చింది. మైకు మీద వేలు పెట్టే ముందు చిన్నమ్మాయి ఒక్కో మాటా అడిగి చూసుకుంది, పరీక్షకి వెళ్ళే పిల్లలా.

"లోకనాథ్ అనకూడదు."

"అనకూడదత్తా."

"కాంట్రాక్టరు అంటే?"

"ఒక్కడే కాంట్రాక్టరు కదా. తెలిసిపోద్ది."

"సంపేశారు అంటే?"

"వద్దత్తా."

"పోనీ, గొయ్యి తవ్వారు అంటాను."

వీరవేణి తల వంచుకుంది. "ఎవరు తవ్వారని మళ్ళీ ఆయన లాయరే వస్తాడు. గొయ్యి ఉంది అను, చాలు."

"ఓహో. దానంతట అదే పుట్టిందన్నమాట," అంది చిన్నమ్మాయి. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. "నా కొడుకు సంగతి?"

"బావ అందులో పడి పోయాడంటే ఎందుకు పోయాడంటారు, ఎవరివల్ల అంటారు. మళ్ళీ మొదటికొస్తది అత్తా."

చిన్నమ్మాయి బొటనవేలు మైకు బొమ్మ మీద పెట్టింది. గొంతు సవరించుకుంది. "నేను చిన్నమ్మాయిని మాట్లాడుతున్నాను. గడ్డిలంక కాడ గొయ్యుంది. ఎవరూ దిగకండి." ఆగింది. వేలు తీయలేదు. తెర మీద మాటకి ఎగిరే గీత అడ్డంగా, తిన్నగా, అలాగే సాగుతోంది. ఇంకా ఏదో అనబోయి నోరు తెరిచి, వీరవేణి వైపు చూసి, మూసేసింది. చాలాసేపటికి వేలు తీసింది.

"అయిందా?"

"అయిందత్తా."

"దీన్ని తీసెయ్యరుగా?"

"తీయరు. ఇందులో తప్పు పట్టడానికేం లేదు."

"అవున్లే," అంది చిన్నమ్మాయి, ఫోన్ తిరిగి ఇచ్చేస్తూ. "ఇందులో నా కొడుకు కూడా లేడుగా."